క్రమశిక్షణ సంఘం

బకెట్లకొద్దీ మైదా ఉడికించి
అడిక్‌మెట్ బ్రిడ్జి కింద పోస్టర్లు అతికించిన రాత్రుల్లో
నిచ్చెన పట్టుకునేది మల్సూరు.
నాకు దక్కిన లాఠీదెబ్బ ఎడమ మోకాల్లో ఉంది.
మబ్బు పట్టకముందే
వాతావరణశాఖ కంటే ముందే దానికి తెలుస్తుంది.

తర్వాత వాడు కేసులకి, నేను ఫెలోషిప్పుకి.
తార్నాకలో కిరాయిల్లు. ఆదివారం కాలమ్.
మూడో పేరాకల్లా ప్రభుత్వాన్ని ఉతికి ఆరేసేవాణ్ణి,
ఒకటో తారీఖున జీతం అదే వేసేది.
తిరుగుబాటు మీద నాలుగు మార్కుల ప్రశ్న కూడా ఇచ్చాను,
ఛాయిస్‌లో వదిలేయొచ్చు.
మల్సూరు ఒక్కసారే ఫోన్ చేశాడు.
"మంచిగ రాస్తున్నవన్నా."
ఆ 'మంచిగ' నాకింకా అరగలేదు.

ఇవాళ కమిటీ బల్లకి ఇవతల నేను.
అవతల సెకండియర్ పిల్లవాడు, గోళ్లలో ఎర్రరంగు.
ఫైల్లో ఆర్ట్స్ కాలేజీ గోడ ఫొటో.
అలవాటు కొద్దీ పెన్ను తీసి
నినాదంలో జారిపోయిన వత్తు దిద్దాను.

"తప్పు గదొక్కటేనా సార్?" అన్నాడు వాడు.

రిజిస్ట్రార్ గడియారం చూసుకున్నాడు.
నా సంతకం చోటు ఖాళీ.
కిటికీ అవతల మే నెల ఎండ పేలిపోతోంది,
మబ్బుతునక లేదు.
మోకాలు మాత్రం
సలపడం మొదలుపెట్టింది.