దించేటప్పటి చిల్లర

కోట్కా రేవులో జనవరి.
సముద్రం మీద మంచు పలక,
పలక మీద ఓడ చీల్చుకున్న నల్లటి దారి.
మైనస్ ఇరవై రెండు.
ఇలాంటి పొద్దున పాత క్రేన్ లేవాలంటే
గంట ముందు నేను లేవాలి.

దాని నూనె అప్పటికి పేరుకున్న తేనె.
పంపు మూలుగుతుంది, గొట్టాలు వణుకుతాయి,
దుంగ ఒక్కటీ కదలకముందే
పావు బకెట్ డీజిల్ తాగి
నావైపు చూస్తుంది, ఇంకేంటీ అన్నట్టు.

ఇరవై ఆరేళ్లుగా దీని ఫిల్టర్లు మార్చేది నేనే.
ఏ సీలు ఏ నెలలో కన్నీరు పెడుతుందో
వాసన చూసి చెప్పగలను.
నా చొక్కాలను ఐలా విడిగా ఉతుకుతుంది.

హెల్సింకీ నుంచి సైమి వచ్చింది, మీటర్లతో.
మూడు రోజులు క్యాబిన్‌లో ముడుచుకు కూర్చుని
ఉర్పో లివర్ కదిపినప్పుడల్లా ఏదో రాసుకుంది.
నాలుగో రోజు కాఫీ గదిలో చెప్పింది:
"నూరు పాళ్లు పోస్తే
దుంగలకు ముట్టేది ముప్పై లోపే."

ఉర్పో చెంచా తిప్పుతూనే ఉన్నాడు.
"ఎత్తితే ఖర్చు, సరే.
దించడానికి ఎందుకమ్మా? బరువు దానంతటదే దిగదూ?"

"దిగుతుంది. మీరు దిగనివ్వరు కదా.
వాల్వు గొంతు నొక్కి పట్టుకుంటారు.
పది టన్నులు పైనుంచి తెచ్చిన బలమంతా
ఆ సన్నటి సందులో రాపిడై, నూనెలో ఉడుకై,
ఫ్యానులోంచి సముద్రం మీదికి పోతుంది.
కొట్టువాడికి పెద్ద నోటిచ్చి
చిల్లర అడక్కుండా వచ్చేస్తున్నారు,
రోజుకు మూడొందల సార్లు."

నేనేం మాట్లాడలేదు.
అంతా సముద్రం మీదికే పోదని నాకు తెలుసు.
నూనె ట్యాంకు మూత మీద నా చేతి తొడుగులు ఆరతాయి.
ఉర్పో జున్ను రొట్టె అక్కడే మెత్తబడుతుంది.
ట్యాంకుకూ రేకుకూ మధ్య జానెడు చోటులో
నప్పి, ఒంటిచెవి రేవు పిల్లి,
మూడుసార్లు పిల్లల్ని పెట్టింది.
ఆ డెబ్బై పాళ్లలో దానికీ ఒక పాలుంది.
మీటరు ముల్లు అటు తిరగలేదు.

మార్చిలో కొత్తది వచ్చింది, కరెంటుది.
ఆగితే ఆగినట్టే ఉంటుంది, ఊరికే మూలగదు.
ఎత్తేటప్పుడు మోటారు.
దించేటప్పుడు అదే మోటారు వెనక్కి తిరిగి
తాగిన దాంట్లో సగానికి పైగా కక్కేస్తుంది.
కట్ట ఓడ కడుపులోకి దిగుతుంటే
క్యాబిన్‌లో అంకె ఎక్కుతుంది.
అరవై ఒకటేళ్ల ఉర్పో
మొదటి రోజు అదే కట్టను రెండుసార్లు దించాడు,
ఊరికే, ఆ అంకె కోసం.

ట్యాంకు ఉండాల్సిన చోట చెయ్యి పెట్టి చూశాను.
చల్లగా ఉంది. శుభ్రంగా ఉంది.
చేతికి ఏమీ అంటలేదు.
ఇక చొక్కాలు విడిగా ఉతకక్కర్లేదంటే
ఐలా ఒకటి తీసి వాసన చూసింది,
మళ్లీ విడిగానే వేసింది.

ఏప్రిల్‌లో చలి వెనక్కి తిరిగింది.
నప్పి కొత్త ఇనుము చుట్టూ తిరిగి తిరిగి
ముక్కు ఆనించి, అరిచింది.
సైమి అప్పుడు అక్కడే కేబుల్ కొలుస్తోంది.

ఆమె తుది నివేదిక కాఫీ గది గోడకు అంటించారు.
డీజిల్ ఎంత, ఆదా ఎంత, అన్నీ పట్టికలో.
అడుగున చిన్న అక్షరాల్లో ఒక వరుస:
అదనపు భారం, నలభై వాట్లు,
అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా.
కారణం గడి ఖాళీ.

బ్యాటరీ గది వెనక చెక్కపెట్టె నేనే కొట్టాను.
ఆ రాత్రి పాత బిల్లు వెనక లెక్క వేశాను, రెండుసార్లు:
పది టన్నులు పది మీటర్లు దిగితే
ఒక పిల్లికి నాలుగు గంటల నిద్ర.