తాలు లెక్క

ఎనుమాముల యార్డులో మిర్చి ఘాటుకు
కంప్యూటర్ కూడా తుమ్ముతదని మా ఆఫీసుల ముచ్చట.
ముక్కుకు చున్నీ కట్టుకొని నేను
రెండు వందల మంది తెచ్చిన రెండు వందల కుప్పలను
నాలుగు గడులల్లకు ఎత్తుతున్న.

అడ్డం: సొంత చెల్క, కౌలు చెల్క.
నిలువు: మేలు, తాలు.
కొత్తవాడల మా నాయిన జంపఖాన మగ్గం మీద
పడుగు మీద పేక పడ్డట్టు
ప్రతి కుప్పా ఒక్క చోటనే, ఒక్కసారే పడాలె.

సొంతంల మేలు తొంభై ఆరు, తాలు ఇరవై నాలుగు.
కౌలుల మేలు ముప్పై రెండు, తాలు నలభై ఎనిమిది.
కుడి అంచున నూట ఇరవై, ఎనభై.
కింది అంచున నూట ఇరవై ఎనిమిది, డెబ్బై రెండు.
ఎటు నుంచి కూడినా మూలకు వచ్చేసరికి
రెండు వందలు.

సెక్రటరీ సారు అంచులే చదువుతడు.
"మేలు నూట ఇరవై ఎనిమిదా, నయమే" అని సంతకం పెడతడు.
అంచు అబద్ధమాడదు.
కాని లోపలి నేత సంగతి నోరిప్పదు.
ఇవే అంచులు ఉంచి ఈ నాలుగు గడులను
ఎన్ని తీర్ల నేయొచ్చో
మగ్గం పక్కన పెరిగినదాన్ని, నాకు తెలుసు.

అడ్తి విఠలయ్య మాత్రం లోపలికి తొంగి చూసిండు.
తాలు నిలువు వెంట వేలు జార్చుకుంట అన్నడు:
"మూడు తాలు కుప్పలల్ల రెండు కౌలోళ్లవే.
కౌలోడంటేనే తాలు. రాసుకో బిడ్డా."

రాసుకోలే.
తాలు ముందు నిలబడి కౌలోళ్లను లెక్కపెట్టుడు ఒకటి,
కౌలోళ్ల ముందు నిలబడి తాలును లెక్కపెట్టుడు ఇంకొకటి.
మొదటిదానికి కింద డెబ్బై రెండు,
రెండోదానికి కింద ఎనభై.
పైన అదే నలభై ఎనిమిది,
కాళ్ల కింది నేల వేరు.
ఏ నేల మీద నిలబడి అడుగుతున్నవో చెప్పకుంటే
భాగారం ఎవలకైనా సాక్ష్యం చెప్తది.

అయినా, ఎనభైల నలభై ఎనిమిది.
కౌలుకు వందకు అరవై తాలు, సొంతానికి వందకు ఇరవై.
నేల మార్చి అడిగినా ఆ తేడా పోలే.
సద్ది గిన్నె మూత తీసి, మళ్ల పెట్టిన.

బయట నెక్కొండ కనకలచ్చుమి
తన తాలు బస్తా మీదనే కూసొని గుడాలు తింటున్నది.
"గింత తెల్లగ ఎట్లయింది అక్కా?"
"వాన, బిడ్డా. కల్లంల ఆరబోసిన నాలుగో దినం.
కప్పుదామంటే పట్టా ఏది?
పట్టా ఉన్నోళ్లకే పట్టా ఇచ్చిన్రు సొసైటీల."
ఒక్క మాటనే రెండుసార్లన్నది.
ఒకటి భూమి కాయితం, ఒకటి వాన మీద కప్పే గుడ్డ.

లోపలికొచ్చి పట్టికను మళ్ల చీల్చిన.
కప్పే పట్టా సొంతోళ్లందరికీ ఉన్నది.
కౌలోళ్లల్ల ముప్పై మందికి, అప్పో సప్పో చేసి.
ఆ ముప్పైల మేలు ఇరవై నాలుగు, తాలు ఆరు.
వందకు ఇరవై.
సొంత చెల్కకు ఎంతనో, సరిగ్గ అంతే.
మిగిలిన యాభైలనే నలభై రెండు తాలు.

ప్రింటు తీసి సారు బల్ల మీద పెట్టిన.
"అంచులేమన్న మారినయా?"
"మారలే సార్."
సంతకం పెట్టిండు.

కిటికీ అవతల కాంటా మీదకు
కనకలచ్చుమి బస్తా ఎక్కుతున్నది.
కాంటా ఏ షరతూ అడగది.
ముల్లు ఒకసారి ఊగి
ఒక్క అంకె మీద ఆగింది.