రీళ్ల డబ్బా

సొహార్ల, చేపల మార్కెట్ ఎనుక గల్లీల
మా టైలర్ షాపు.
రంజాన్ పండుగ ఇంకిరవై రోజులున్నది.
ఊరంత ఉపాసం. నేను నర్సు బుతైనా ముందల
పరిగడుపున గోలీలు మింగుతున్న,
గోడ దిక్కు మల్లి, గ్లాసు చాటు చేసుకొని.
"నోరు తెరువు" అంటది.
నాలుక ఎత్తి సూపిస్త, చిన్నపోరని లెక్క.

ఎర్రగోలి సంగతి మొదటినాడే తెలిసింది.
ఉచ్చ చూసి గుండె జారింది,
నెత్తురనుకున్న. కాదట, గోలి రంగట.
బనీను చంకలకు చెమట పట్టింది
కాముని పున్నానికి మోదుగుపూలు పిండినట్టు.
వీడియోల రాజవ్వ, "కండ్లెందుకట్లున్నయ్, ఏడ్సినవా?"
"గోలి" అన్న.
అబద్ధమైతే కాదు.

షుగర్ గోలి తొమ్మిదేండ్ల సంది నమ్మకంగ పనిచేసింది.
ఈ ఎర్రది ఇంట్ల అడుగువెట్టంగనే
దాన్ని నిలువనియ్యలే, ఎల్లగొట్టింది.
మూడువందల నలభై.
ఇగ పొట్టకు సూది, పొద్దుమాపు.
సూదికి నేను కొత్త కాదు గని
గింత దగ్గరి సుట్టరికం అనుకోలే.

అరికాళ్లల్ల చీమల పుట్ట పగిలింది.
"షుగరుదా, గోలిదా?" అని అడిగిన.
డాక్టరమ్మ కాయితం మీద రెండు గీతలు గీసి
"రెండూ ఒక్కతాన్నే కలుస్తయ్" అన్నది.
చీమల కోసం ఇంకో చిన్న గోలి రాసింది.
మిషను ఎంత తొక్కిన్నో కాలుకు తెల్వది,
కుట్టు ఉరుకుడు చూసి తెలుసుకోవాలె.
మొన్న వేలి గోరుల కెల్లి సూది దిగింది.
నేను చూడనే లేదు. మిజాన్ చూసి మొత్తుకున్నడు.

అది గూడ ఓర్సుకుందును.
ముసలాయన ఒకడు దిష్‌దాషా తెచ్చి బల్ల మీద పరిచిండు,
మెడకాడి కుచ్చు పట్టి చూపెట్టిండు.
"ఆకుపచ్చ చెప్పిన గదా."
కోపం గూడ లేదు ఆయన గొంతుల.
నేను చూసిన. నాకు ఆకుపచ్చనే.
మిజాన్ చెవికాడికొచ్చి "మెరూన్, ఉస్తాద్" అన్నడు.

చుక్కల బొమ్మల పుస్తకం తెరిచింది డాక్టరమ్మ.
"అంకె ఎంత?"
చుక్కలు. అన్నీ చుక్కలే. ఆర్పిన పొయ్యిల బూడిద తీరు.
ఒక గోలి తీసేసింది.
"కండ్లు మెల్లగ మర్లుతయ్" అన్నది.
ఎన్నొద్దులకో చెప్పలే.
మిగిలిన మందులు ఇంకా నాలుగు నెలలు.

మిజాన్ రీలు రీలుకు చిన్న కాయితం అంటిచ్చిండు,
రంగు పేరు రాసి.
బెంగాలీల రాసిండు పోరడు. నాకేడ చదవొస్తది?
ఇద్దరం నవ్వినం. దగ్గొచ్చే దాక నవ్వినం.

ఇప్పుడు షట్టర్ లేపంగనే
రెండు రీళ్లు వెలుతురుకు పట్టుకుంట.
ఇయ్యాల కుడిచేతిల దాన్ని "ఆకుపచ్చ" అన్న.
మిజాన్ వెంటనే మాట్లాడలే.
బట్ట మీద నీళ్లు చల్లి, ఇస్త్రీపెట్టె ఆనిచ్చి
ఆవిరి పోయెదాక ఆగిండు.