ఒకటో హెచ్చరిక

ధవళేశ్వరంలో ఒకటో హెచ్చరిక పడిన మధ్యాహ్నం
నర్సాపురం లేసు సంఘం ఆఫీసుకి
నలభై రెండు ప్రశ్నల కాగితంతో వెళ్లాను.

యాభై ఏళ్ల తర్వాత కూడా ఈ ఫైళ్లు తెరుచుకుంటాయా?
ముందు బీరువా తెరుచుకోనివ్వండి, అన్నారు కార్యదర్శి తలుపులయ్య గారు,
తాళంలో కొబ్బరినూనె చుక్క వేస్తూ.

ఎన్ని ప్రతులున్నాయి?
ఆయ్, రెండండి.
ఒకటి ఈ కంప్యూటర్లో. రెండోది
దాని పక్క సొరుగులో.
గోడ మీద ఎనభై ఆరు వరద గీసిన మట్టిరంగు గీత
ఆ రెండింటికీ జానెడు పైన ఉంది.
నేను చూశాను. నేను చూడటం ఆయన చూశారు.

పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?
రాఘవులికి.
రాఘవులు మొగల్తూరు అవతల రొయ్యల చెరువు మీద ఉన్నాడు,
ఏరియేటర్ల హోరులో ఫోను వినపడదు.
కాగితం మీద రాసిచ్చాడు గానీ
ఆ కాగితమూ స్కాన్ చేసి లోపలే పెట్టాడు.

ఆరువందల పన్నెండు నమూనాలు.
చేప వెన్ను, బూరెల వరస, వానచినుకు,
ఆ తర్వాత
ఒకటి, రెండు, కొత్తది, అసలు కొత్తది.
అదృష్టం, పైన ఉన్న ఫోల్డరుకి తాళం లేదు.
అసలు కొత్తది తెరిస్తే సగం పువ్వు,
కిందంతా బూడిద.
పాడైందని ఎప్పుడు తెలిసింది?
ఇప్పుడే, మీరు అడిగాక.

వసారాలో సువార్తమ్మ గారు
లంకల నుంచి వచ్చిన ముక్కలు ఒళ్లో పోసుకుని
పెదాలు కదపకుండా లెక్కపెడుతున్నారు.
చుట్టుకి డెబ్బై రెండు కన్నాలు.
డెబ్బై ఒకటి వస్తే
వేలితో వెనక్కి నడిచి, జారినచోటు పట్టుకుని
అక్కడిదాకా విప్పేస్తారు.
ఎన్నాళ్లకోసారి సరిచూస్తారండీ?
నా కాగితంలో ముప్పయ్యో ప్రశ్న అది.
చేతికొచ్చిన ప్రతిసారీ, అన్నారు,
ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి.

మీ తర్వాత ఎవరు చూస్తారు?

ఆవిడ లెక్క తప్పింది.
మళ్లీ మొదట్నుంచి అందుకున్నారు.

ఐదు మెట్ల కొలతలో ఒకటి వేశాను.
తలుపులయ్య గారు కళ్లజోడు తుడుచుకుని చూశారు.
ఒకటో నెంబరుకి ఇక్కడెవరూ సామాను సర్దరండీ,
రెండోదానికి గేదెల్ని గట్టెక్కిస్తాం.
మూడోదానికి?
ఆయనేం అనలేదు.

చెప్పులు వేసుకుని వెనక్కి చూస్తే
కుర్చీ మీద నిలబడి
సొరుగులోని డబ్బాని పాలిథిన్ సంచిలో చుట్టి
బీరువా నెత్తిన పెడుతున్నారు.

అంకె మార్చలేదు. అదే గది కదా.
ఏటిగట్టు మీద మట్టం రాసేవాళ్లలా
అంచులో పెన్సిలుతో మాత్రం వేసుకున్నాను:
సాయంత్రం ఐదు.
రెండు మూరలు పైకి.