మోచేతి ఎత్తు

భీమవరంలో సూరిశెట్టి గారి శానిటరీ షాపు.
మెట్లెక్కి లోపలికెళ్తే
వరసగా ఇరవై రెండు అద్దాలు.
ఇరవై రెండింట్లోనూ నేనే.
ఇంతమంది నన్ను ఒక్కసారే ఎప్పుడూ చూళ్ళేదు,
చెప్పులు బయటే విడిచి రావాల్సిందేమో అనిపించింది.

కుర్రాడు సొరుగు లాగి వదిలాడు.
చప్పుడు చెయ్యకుండా
తనంతట తనే మూసుకుంటుందట.
మా షెడ్డులో సూపర్‌వైజరుకి నేర్పాలి ఆ విద్య.

"ఇది ప్లైవుడ్డండి, బాగా పోతుంది."
పోతుంది, నిజమే.
మా ఉండి గాలికి, బోరు ఉప్పునీటికి
రెండు వానాకాలాలు తిరక్కుండా
నానేసిన మినప్పప్పులా ఉబ్బి, పొట్టు వదిలి
పోతుంది.
వంటింటి అల్మరా తలుపు అలాగే పోయింది,
దాని వాయిదాలే ఇంకా పోలేదు.

"నీళ్ళు తాగనిది చూపించు బాబూ."
రంగు కెజియా ఫోనులో చెప్పింది:
నాలుగో రోజు నారుమడి రంగు.
సాల్మన్ తెలుపన్నాడు,
తెలుపు మీద మరకలు ఎవరు తుడుస్తారో చెప్పలేదు.

పదకొండేళ్ళుగా రొయ్యల తలలు తీస్తున్నాను.
కిలోకింతని లెక్క.
ఐసులో వేళ్ళు పాలిపోయి
మధ్యాహ్నానికి ఎవరివో అనిపిస్తాయి.
నిమ్మచెక్క, శీకాయ, ఒకసారి పెట్రోలు కూడా;
వాసన గోళ్ళ కిందే కాపురముంటుంది.
ఇంటికొచ్చి పెరట్లో పంపు దగ్గర
బురదలో గొంతుక్కూచుని కడుక్కుంటాను.
చిన్నప్పుడు ఎత్తుకోబోతే
కెజియా ముక్కు మూసుకుని నవ్వేది.
నేనూ నవ్వేదాన్ని.

ఇంట్లో ఒక్కటే అద్దం.
పెళ్ళయిన ఏడు
సాల్మన్ తన గెడ్డం ఎత్తులో మేకు కొట్టాడు.
అందులో నాకు పాపిడి కనబడుతుంది,
సగం నుదురు.
మిగతా మొహం
కంపెనీ వ్యాను కిటికీలో చూసుకుంటూ వచ్చాను.
ఆ మేకు కాస్త దించమని పద్దెనిమిదేళ్ళలో
ఎందుకు అడగలేదో
ఈ ఇరవై రెండింట్లో ఒక్కదానికీ తెలీదు.

"ఎత్తు ముప్ఫై నాలుగు అంగుళాలండి, అందరికీ అదే."
అందరికీ అంటే ఎవరికి?
టేపు నేనే అందుకున్నాను.
నిలబడి మోచెయ్యి మడిచి,
నేల నుంచి అక్కడిదాకా లాగి,
రెండు బెత్తెలు కిందికి వదిలితే
ఇరవై తొమ్మిది.

సూరిశెట్టి గారు కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి
"పిల్లల ఎత్తమ్మా అది" అన్నారు.
"కాదండి, నాది."
"మీవారు వంగాలి మరి."
"వంగుతాడండి.
మొన్న వానలో లారీ కింద పడుకుని
రెండు గంటలు బోల్టులు బిగించాడు,
అద్దం ముందు వంగలేడా?"

ఆటోలో కాలవగట్టు మీదుగా ఇల్లు చేరాం.
గుంత గుంతకీ పెట్టె నా మోకాలిని పలకరిస్తూనే ఉంది,
అటూ ఇటూ చెరువుల్లో ఏరియేటర్లు
తెల్లగా నీళ్ళు చిమ్ముతూనే ఉన్నాయి.

శనివారం ఏడుకొండలు వచ్చి బిగించి వెళ్ళాడు.
నీళ్ళకి ఒత్తిడి లేదు, కుళాయి గొణుగుతుంది.
సొరుగు కాస్త ఆగి మూసుకుంటుంది,
ఏదో గుర్తొచ్చినట్టు.
అందులో నిమ్మచెక్కలు, కెజియా గోళ్ళరంగు,
అతని బ్లేళ్ళు.

షిఫ్టు దిగి వచ్చి
నిలబడే చేతులు కడుక్కున్నాను.
వాసన పోలేదు.
తలెత్తితే ఎదురుగా
గెడ్డం, దాని అంచున పుట్టుమచ్చ.
అంత కిందికి ఉంటుందనుకోలేదు.