సగం రొట్టె

ఎరుండినా కత్తి ఏప్రన్ జేబులో పడుకుంటుంది.
పడుకోబెట్టడం ఆమె పనే:
తుడిచి, మడిచి, ఇత్తడి ఉంగరాన్ని అరతిప్పు తిప్పి,
తాళంచెవుల గుత్తి ఒరుసుకోని వైపు.

ఏడున్నరకి వ్యాను మా కొండ ఎక్కుతుంది.
వెనక డెబ్భై రొట్టెలు, ముందు నేనూ నా టపా సంచీ.
పోస్టాఫీసు మోటార్‌సైకిల్ మూలపడి
రెండు చలికాలాలయింది.
ఆస్టూరియస్‌లో ప్రతిదానికీ ఓ ఫారం ఉంటుంది,
మెకానిక్కే దొరకడు.

జేబుకత్తి అంటే ఆమెకి కోపం.
"సరిగ్గా చూడు. వంటింటి కత్తి ఇది.
పొట్టిగా పుట్టింది, అంతే."
నిజమే. మడమ దగ్గర వెడల్పు,
పొట్ట కాస్త గుండ్రం, ముక్కు మాత్రం సూది.
పీటమీద ఆనిస్తే ఉయ్యాలలా ఊగుతుంది.

అంత చిన్నదానికి ఎంత చాకిరీ!
పిండిబస్తా కుట్టు విప్పుతుంది.
కరెంటు బిల్లుల కట్టకి నేనే వేసి
నేనే విప్పలేని ముడిని ఒక్క మాటలో తేల్చేస్తుంది.
ఆపిల్‌లో పురుగు తిన్నంత మేరే తీసేసి
తక్కింది నా చేతిలో పెడుతుంది.
రెండో మలుపులో పళ్ళులేని ముసలమ్మకి
రొట్టె పెంకు ఒలిచి మెత్తది ఇస్తుంది.
పెంకు మా వాటా.
ఓసారి కంచెలో చిక్కుకున్న దూడ మెడతాడు కోసింది.
ఆరోజు మాత్రం మూడుసార్లు కడిగింది.
బూటు బురద గీక్కుంటానని అడిగానొకసారి.
ఆమె చూసిన చూపుకి
బురద దానంతటదే రాలిపోయింది.

బెలర్మినో ఒంటరి. సగం రొట్టె చాలంటాడు.
గుమ్మంలోనే కోస్తుంది, కంటి కొలతే.
ఆయన కళ్ళజోడు ఎత్తి రెండు ముక్కలూ పరీక్షించి
ఎప్పుడూ కుడిదే తీసుకుంటాడు.
ఎడమ సగం ఎవరు కొంటారో నేనడగలేదు.

గని మూతపడక ముందు
ఆ గని క్యాంటీన్‌లో ఆమె వంటమనిషి.
గోడకి అయస్కాంతం పట్టీ, దానికి తొమ్మిది కత్తులు.
రెండొందల పదిమంది బొగ్గు మొహాలతో పైకొచ్చేసరికి
కుండలు దిగి ఉండాలి.
ఆఖరిరోజు ఎవరో వచ్చి కత్తులు లెక్కపెట్టి
ఆమె చేత సంతకం పెట్టించుకుని పట్టుకుపోయారు.
మర్నాడే బస్సెక్కి తరమూండి వెళ్ళి
కత్తులు సాగదీసే ముసలాయన ముందు
గాలిలో వేలితో ఓ ఆకారం గీసిందట.
"ఇలాగే ఉండాలి.
కాని ఎవరూ లెక్కపెట్టకుండా జేబులో పట్టాలి."

నవంబరులో కొండచరియ జారింది.
ముందు రాళ్ళు, వెనక పొగమంచు.
వ్యానులో ఆమె, నేను,
బడికెళ్ళాల్సిన ఎనిమిదేళ్ళ సెనేన్.
పన్నెండయింది. ఒకటిన్నరయింది.
కాఫీ కాచుకునే చిన్న గ్యాసుపొయ్యి కిందికి దించింది.
ఎవరికో చేర్చాల్సిన ఉల్లిపాయల సంచీ విప్పింది.
రొట్టెల పళ్ళెం బోర్లిస్తే పీటయింది.

మొదటి ఉల్లిపాయ నెమ్మదిగా.
రెండోదానికి మణికట్టుకి ఏదో గుర్తొచ్చింది.
టకటకా టకటకా,
రేకుల మీద వాన ముదిరినట్టు,
మూడు, నాలుగు, ఆరు,
చూపు పళ్ళెం మీద లేనేలేదు.
"ఎరుండినా," అన్నాడు సెనేన్, "మనం ముగ్గురమే కదా?"

ఏడో ఉల్లిపాయ సగంలో
కత్తి ఆగింది.

గుట్టని చూసింది. వాణ్ణి చూసింది.
"నూనె చాలదేమో," అంది.
మిగతా సగం కూడా తరిగేసింది.

నాలుగింటికి రాళ్ళు తీసేవాళ్ళు వచ్చారు,
పదకొండుమంది, హెల్మెట్లు, బురద మొహాలు.
రొట్టెలు నిలువునా చీల్చి ఉల్లిపాయ కూరి
ఒక్కొక్కరికీ అందించింది.
"తిను, ఇంకోటి తిను," అంటోంది,
ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.
చివరికి పళ్ళెం అడుగు సెనేన్ నాకేశాడు.

బెలర్మినో గుమ్మం చేరేసరికి చీకటి.
ఒక్కటే రొట్టె మిగిలింది. కోసింది.
కళ్ళజోడు ఎత్తాడు. కుడిది తీసుకున్నాడు.
వాసన చూసి, "ఉల్లిపాయ," అన్నాడు.
"కత్తిదిలే," అంది. "రేపటికి పోతుంది."

మలుపు దాటాక వ్యాను ఆపి
ఎడమ సగం ఒళ్ళో పెట్టుకుంది.
నాకో ముక్క కోసిచ్చింది, తనకో ముక్క.
అలుగు తొడకి తుడిచింది, రెండువైపులా.
మడవడానికి
ఇంకా కాసేపు పట్టింది.