గడి లేని కాడ

ఈ ఫారంల షుగర్‌కు గడి ఉంది,
బీపీకుంది, దమ్ముకుంది,
కంటి పొరకైతే కుడికొకటి, ఎడమకొకటి.
యాదిమర్పుకు లేదు.

కుర్మయ్య తాత పేరు పక్కన
మార్జిన్ల పెన్సిల్‌తోని రాసిన:
మబ్బుల నాలుగింటికి లేస్తడు.
పార, తట్ట సదురుకుంటడు.
బొంబాయి బస్సుకు పోతడు.

ఆ బస్సు మా ఊరికి రాక పదేండ్లాయె.
గుంపు మేస్త్రి గూడ సచ్చిపాయె.
తాత పెండ్లాం పేరు మర్సిండు,
అన్నం తిన్నది మర్సిండు,
అడ్వాన్సు మర్వలే.
"ఆరువేలు బాకీ ఉన్న, పోకుంటె ఇడ్వరు" అంటడు.

కోడలు మాసమ్మ కూలికి పోయిన్నాడు
బయటికెల్లి గొళ్లెం పెడ్తది.
అది తప్పని ట్రైనింగుల జెప్పిండ్రు.
ఆ పూట కూలి ఎవరిస్తరో
జెప్పలే.

మద్దూరు దవాఖానల పరీక్ష జేసిండ్రు.
గడియారం బొమ్మ గియ్యమన్నరు,
వందలకెల్లి ఏడు తీసెయ్యమన్నరు.
తాత బడి మొకం సూడలే ఎన్నడు.
సిమెంటొక పాలు, ఇసుక నాలుగు, కంకర ఎనిమిది,
అదడిగితె ఇప్పటికీ తప్పడు.
అదెవరడుగుతరు?

నారాయణపేటల మీటింగు.
ఢిల్లీల పథకం తయారైతుందట,
ఇరవై ఏండ్ల ముందటికి లెక్కగట్టి.
తెరమీద ఎర్రగీత ఎక్కుతనే ఉంది.
జిల్లాకొక మెమరీ క్లినిక్ అన్నరు.
"మీ ఊర్ల ఎంతమంది?"
లేసి నిలవడ్డ. "తొమ్మిదిమంది సార్."
"రిపోర్టుల సున్న ఉందే?"
"గడి లేదు సార్."

ఇంకొకటి గూడ అన్న, నోరాగక:
క్లినిక్కుకు రావాల్నంటె
దారి యాదికుండాలె గద సార్.
మా ఊరికెల్లి పొద్దుగాల ఒక్కటే బస్సు.
తాత దాన్ని ఎక్కడు.
అది బొంబాయి పోదు.

వెనుక కుర్సీలల్ల ఎవరో నవ్విండ్రు.
సారు నవ్వలే. ఏదో రాసుకున్నడు.
ఏం రాసిండో, ఏ గడిల రాసిండో.

ఇయ్యాల మబ్బుల నేను గూడ పోయి
తాత పక్కన కూసున్న, రోడ్డు మీద.
సలి. దూరంగ పిండిగిర్ని కాడ ఒక్కటే లైటు.
"మేస్త్రి ఏమన్నడు బిడ్డా?"
"బాకీ తీరిందన్నడు తాతా."
నమ్మలే.
"కాయితం సూపియ్యి."

సంచిలకెల్లి ఫారం తీసిన.
అటు తిప్పి, ఇటు తిప్పి
నా పెన్సిల్ రాత మీదనే
బొటనేలు పెట్టిండు.
సిరా లేదు.
అయినా గట్టిగ ఒత్తిండు.